గ్యాపు

కుళ్ళాయప్ప రంపాన్ని బల్లమీద పెట్టి
చేతులన్నా తుడుచుకోకుండా నిలబడినాడు.
"ఊరికే తిప్పితే తిరుగుతాది హుస్సేనప్పా,
గట్టిగా నొక్కితేనే రవ్వసేపు ఆలోచిస్తాది.
అంతలోపల కొమ్మ చెయినును పట్టేసుకుంటాది."

ఆలోచిస్తాది అంటే నవ్వొచ్చింది.
దీంట్లో నిజంగానే ఒక మెదడుంది,
నల్లది, అగ్గిపెట్టెంత, మైనం పోసి మూసింది.
గాలెంత, పెట్రోలెంత అని
తన లెక్క తనే చూసుకుంటాది.
మా కాలం కార్బురేటరుకు రెండు మరలుండేవి.
అటు పావు తిప్పు, ఇటు అరపావు,
చెవి ఒగ్గి వింటే
ఇంజనే "చాలప్పా" అనేది.
ఇప్పుడు స్క్రూడ్రైవరు పట్టిన చెయ్యి
పిలవని పెండ్లికి పోయినట్టు
యాడ నిలబడాల్నో తెలీక తిరుగుతాది.

సరే, ఒకటొకటే.
ప్లగ్గు విప్పితే కాఫీపొడి రంగు. మంచిదే.
గాలి ఫిల్టరు నిండా పసుపు పొట్టు,
దులిపితే షాపంతా చీనీ వాసన.
పెట్రోలు ఫిల్టరును కొక్కెంతో లాగి ఊది చూసినా.
నిన్నటి పెట్రోలేనా అంటే
"పోయిన నెలది" అన్నాడు నేల చూస్తా.
పారబోసి కొత్తది పోసినా, యాభైకి ఒక పాలు నూనె.
రెండో గుంజుకే లేచింది,
బడిపిల్లోడు ఎక్కాలు ఒప్పజెప్పినట్టు.
పావుగంట తిరగనిచ్చి, నొక్కినా.

గుటుక్కుమంది.
ఆగింది. మళ్ళీ అందుకుంది.

ఆ సద్దు నాకు తెలుసు.

ఈ అనంతపురం గుత్తి రోడ్డులో షాపు పెట్టకముందు
ఇరవై ఏండ్లు బోరు మోటార్లు దించినోణ్ణి.
పైపు మూతికాడ చెయ్యి పెట్టి నిలబడితే
నీళ్ళు వస్తా వస్తా మధ్యలో ఒక గుటక,
గాలి, ఒట్టి గాలి,
మళ్ళీ దోసెడు నీళ్ళు.
"గ్యాపు ఇస్తాంది" అనేవాణ్ణి.
ఆ మాటకు ఆడమనిషి తల పక్కకు తిప్పుకునేది,
రైతు మాత్రం
"ఇంకెన్ని పైపులు దించాల?" అనేవాడు.

"యాడ కోస్తాండావు ఇప్పుడు?"
"నార్పల పక్కన. ఓబుళరెడ్డి చీనీ తోట."
"గుట్ట కిందిదా?"
"అదే. నాలుగొందల చెట్లు. మూడొందలైనాయి."

ఆ బోరుకు మోటారు దించింది నేనే.
ఆరొందల అడుగులు, ముప్పై పైపులు.
నీళ్ళు పడినపొద్దు ఆయమ్మ
పసుపూ కుంకమా మోటారుకు పెట్టి
మిగిలింది నా నొసటికీ పెట్టింది,
నేను దూదేకులోణ్ణని గుర్తొచ్చి నవ్వింది,
తుడవలేదు.

రంపం ఆపి ట్యాంకు మూత విప్పినా.
ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది
దప్పికైన దూడ మాదిరి.
ఇంగేముంది, దొరికింది.
ట్యాంకుకు గాలాడే బెజ్జం, ఆవగింజంత,
దుమ్మూ నూనే కలిసి పూడిపోయింది.
పెట్రోలు పోయిన చోటికి గాలి రాక
ట్యాంకు ఊపిరి బిగబట్టింది.
పాపం మెదడుకేం తెలుసు?
రానిదాన్ని కూడా లెక్కలో పట్టుకుని
సతమతమైంది.

సూదితో పొడిచి బెజ్జం తెరిచినా.
"ఐపోయిందా?"
"యాడ? ఇన్నాళ్ళూ తప్పు లెక్క నేర్చింది.
పూర్తిగా నొక్కిపెట్టి నాలుగైదు కోతలు కోస్తేనే
సరైంది నేర్చుకుంటాది.
ఒట్టి గాలిలో తిప్పితే నేర్వదు, కట్టె కావాల."

ఆటో వెనక నుంచి మొద్దు తెచ్చినాడు, తొడంత లావు.
మొదటి కోతకు తడబడింది.
రెండోదానికి కొంచెం.
మూడోదానికి, నా చెవికి తప్ప ఎవరికీ తెలీనంత.
నాలుగోదానికి
నేను నొక్కకముందే నా మనసు తెలిసినట్టు దిగింది.
కోసిన బిళ్ళ లేత పసుపు,
నడిమధ్య ఇంకా తడి.
బొటనవేలు పెట్టి చూసినా. అలవాటు.

రెండొందలిచ్చినాడు. నూటయాభై చాలన్నా.
"రేపటికి మిగిలినవీ ఐపోతాయిలే" అని
రంపాన్ని భుజానేసుకున్నాడు.

నాలుగు బిళ్ళలూ బల్ల కింద అట్లే ఉండాయి.
పొయ్యిలోకి పనికొస్తాయి కానీ
ఎండేదాకా ఆగాల.